నూట అరవై లీటర్ల ట్యాంకు కోసం ఆళ్ళగడ్డ దాకా

నా తమ్ముణ్ణి డీజిల్ దొంగ అన్నారు. నేను నంద్యాలకు, అక్కడి నుంచి ఆళ్ళగడ్డకు ప్రయాణం కట్టింది అందుకే. అటువైపు వెళ్ళేవాళ్ళు ఎక్కువగా అహోబిలం దర్శనానికి వెళ్తారు. నేను మాత్రం ఒక లారీ ట్యాంకులో ఎన్ని లీటర్లు పడతాయో చూడటానికి వెళ్ళాను. తొంభై ఎనిమిదిలో, దసరా సెలవులు ఇచ్చిన రెండో రోజు.

తమ్ముడి పేరు దేవదానం. నాకంటే నాలుగేళ్ళు చిన్న. మాది గడివేముల. నేను ట్రైనింగు చేసి కర్నూలులో ఒక హైస్కూల్లో సైన్సు చెప్తున్నాను. వాడు పదో తరగతి తప్పి లారీ ఎక్కాడు. నంద్యాలలో శేషయ్య అనే ఓనరు దగ్గర పదకొండేళ్ళు ఒకే బండి తోలాడు. ఇంజనుకు ఎంత ఆయిలు, గేరు బాక్సుకు ఎంత, వెనక ఇరుసులోని క్రౌనుకు ఎంత, రేడియేటరుకు ఎన్ని నీళ్ళు, ఏది అడిగినా మా స్కూలు పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పేవాడు. పండక్కి ఇంటికొస్తే మా పిల్లలకు కథలకు బదులు అవే చెప్పేవాడు.

శేషయ్య దగ్గర ఒక చెక్క కట్టె ఉంది. దాని మీద గాట్లు, గాట్ల పక్కన అంకెలు. ట్యాంకులో నిలువుగా ముంచి, ఎంతవరకు తడిసిందో చూస్తే లోపల ఎన్ని లీటర్ల డీజిల్ ఉందో చెప్పే కట్టె అది. ఆయన యాభై లీటర్లకు చీటీ రాసిస్తాడు. తమ్ముడు బంకులో పోయించుకుని బండిని షెడ్డుకు తెస్తాడు. ఆయన కట్టె ముంచుతాడు. మూడు నెలలుగా, పోయించిన ప్రతిసారీ, యాభైకి నలభై లీటర్లే పెరిగినట్టు కట్టె చూపిస్తోందట. మిగతా పది వీడు దారిలో అమ్ముకుంటున్నాడని ఆయన తీర్మానించాడు. లారీ స్టాండులో పదిమంది డ్రైవర్ల ముందు దొంగ అన్నాడు. లైసెన్సు తీసి తన బీరువాలో పెట్టుకున్నాడు. లైసెన్సు లేదు, పైగా దొంగ అన్న పేరు. నంద్యాలలో ఇక వాడి చేతికి స్టీరింగు ఎవరిస్తారు?

ఆదివారం ఆరాధన అయ్యాక వాడు కర్నూలులో మా ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పాడు. అంతా విని నేను, "నిజం చెప్పు దానం, అమ్ముకున్నావా?" అన్నాను.

వాడు కంచం ముందు నుంచి లేచాడు. "నువ్వు గూడా అడుగుతాండావా అక్కా?" అన్నాడు.

ఆ మాట అడిగినందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపమే. బుధవారం తెల్లవారి బయల్దేరాను.

కర్నూలు బస్టాండులో ఆరుంబావుకు నంద్యాల ఎక్స్‌ప్రెస్. రైల్లో వెళ్ళాలంటే ద్రోణాచలంలో బండి మారాలి. దాని కోసం కాచుకునేలోగా బస్సు నంద్యాల చేరిపోతుంది. ఎడమవైపు సీటు తీసుకోకండి, ఆ వేళకు ఎండ నేరుగా ముఖాన కొడుతుంది. నా బ్యాగులో ఒక కొలత టేపు, సుద్దముక్కలు, స్కూలు లాగ్ టేబుల్స్ పుస్తకం, రెండు చపాతీలు ఉన్నాయి. ఓర్వకల్లు రాళ్ళగుట్టలు దాటాక పక్కన కూర్చున్న పెద్దాయన పలకరించాడు.

"అహోబిలానికా అమ్మా?"

"కాదు పెద్దాయనా, ట్యాంకు కొలవడానికి."

"నీళ్ళ ట్యాంకా? మా పాణ్యంలో గూడా ఒకటి కట్టి ఇడిసిపెట్టినారు. చుక్క నీళ్ళు లేవు. అది గూడా రాసుకోమ్మా" అన్నాడు. నన్ను ప్రభుత్వం మనిషి అనుకున్నాడు. పాణ్యంలో దిగేటప్పుడు కూడా మరొకసారి గుర్తు చేసి దిగాడు.

ఎనిమిదీ ఇరవైకి నంద్యాల. తమ్ముడు బస్టాండులోనే ఉన్నాడు. గడ్డం పెరిగింది. పక్కనే ఉన్న చిన్న హోటల్లో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. వేడిగా, బాగుంది. అటు వెళ్ళేవాళ్ళు తొమ్మిది లోపే తినాలి, తర్వాత ఉగ్గాని అయిపోతుంది. తమ్ముడు సగం వదిలేశాడు. హోటల్లో ఇద్దరు డ్రైవర్లు వాణ్ణి చూసి తల తిప్పుకున్నారు. వాళ్ళిద్దరికీ బండి నేర్పింది తనేనని తర్వాత చెప్పాడు.

శేషయ్య షెడ్డు నూనెపల్లె దగ్గర, రోడ్డు పక్కన. యాభై ఏళ్ళ మనిషి, తెల్లచొక్కా, నుదుట బొట్టు. మర్యాదగానే కుర్చీ వేయించాడు. తమ్ముణ్ణి మాత్రం గేటు దగ్గరే ఆపేశాడు.

"సూడు టీచరమ్మా, నీ మీద నాకు గౌరవమే. నీ తమ్ముడు మాత్రం నన్ను ముంచినాడు. ఈ కట్టె అబద్ధం ఆడదు" అని కట్టె తెచ్చి చూపించాడు. నున్నగా అరిగిపోయిన కట్టె. అడుగు నుంచి పై గాటు దాకా పంతొమ్మిది అంగుళాలు. పై గాటు పక్కన నూట అరవై అని చెక్కి ఉంది. అంటే ట్యాంకు నిండితే నూట అరవై లీటర్లు.

"పోయిన సంవత్సరం ఇవే నెలల్లో బండి ఎన్ని ట్రిప్పులు తిరిగింది, ఎన్ని చీటీలు రాశారు? ఈ మూడు నెలల్లో ఎన్ని?" అని అడిగాను.

పుస్తకం తీశాడు. చూస్తే దాదాపు అవే ట్రిప్పులు, అన్నే చీటీలు.

"చూడండి. అప్పుడూ ఇప్పుడూ అంతే డీజిల్‌తో అంతే దూరం తిరిగింది. ప్రతి యాభైలో పది అమ్మేసి ఉంటే ఈ బండి దేంతో నడిచింది? గాలితోనా?"

ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అయితే పోయిన సమ్మత్సరం గూడా అమ్ముకున్నాడన్న మాట. నేను కనుక్కోలేదు" అన్నాడు.

ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెప్తున్నాను, తప్పు జవాబు రాసిన పిల్లాడు కూడా లెక్క చూపిస్తే ఒప్పుకుంటాడు.

"మీ వాళ్ళ సంగతి నాకు తెలీదా అమ్మా" అని కూడా అన్నాడు.

"మా వాళ్ళంటే ఎవరు?" అన్నాను. ఆయన కట్టె వైపు చూశాడు.

అప్పుడు నేను ఒకటే అడిగాను. ఆ రోజు బండి సిమెంటు లోడుతో ఆళ్ళగడ్డకు వెళ్తోంది. దాన్ని బంకుకు తీసుకెళ్ళి ట్యాంకు మూతి దాకా నింపుదాం. ఆళ్ళగడ్డ వెళ్ళి తిరిగి వచ్చి, అదే బంకులో, అదే చోట, మళ్ళీ మూతి దాకా నింపుదాం. రెండోసారి ఎన్ని లీటర్లు పడితే బండి అన్ని లీటర్లు తాగినట్టు. దూరాన్ని దాంతో భాగిస్తే అసలు మైలేజీ తెలుస్తుంది. ఇందులో కట్టెతో పని లేదు, నమ్మకంతోనూ పని లేదు.

"ఫుల్ ట్యాంకు నేనెప్పుడూ కొట్టించను. ఫుల్ కొట్టిస్తే డ్రైవరుకు ఆశ పుడతాది" అన్నాడు శేషయ్య.

"మీరే బండిలో కూర్చోండి. ఆశ పుడితే మీకే పుడుతుంది."

అక్కడ ఉన్న కొత్త డ్రైవరు కిసుక్కుమన్నాడు. అతని పేరు మద్దిలేటి. తమ్ముడి స్థానంలో చేరి రెండు రోజులైంది, ఇంకా ఒక్కసారి కూడా డీజిల్ పోయించలేదు. శేషయ్య అతని వైపు ఉరిమి చూసి, "సరే, పదండి. నేను గూడా వస్తా. వాడు మాత్రం బండి ఎక్కకూడదు" అన్నాడు. వాడు ఎక్కకపోవడమే నాకూ కావాలి. తర్వాత ఏదో మాయ చేశాడని అనకుండా ఉంటుంది. తమ్ముణ్ణి బంకులోనే కూర్చోమన్నాను.

తొమ్మిదిన్నరకు బంకులో నిలబడ్డాం. పోయక ముందు శేషయ్య స్వయంగా కట్టె ముంచాడు. నలభై లీటర్ల గాటు దగ్గర తడి ఆగింది. అంటే నూట అరవై నిండాలంటే ఇంకో నూట ఇరవై పట్టాలి. పంపు తిప్పారు. యాభై, ఎనభై, వంద. నూట ఇరవై దాటింది. మద్దిలేటి మూతిలోకి తొంగి చూసి, "ఇంకా కిందనే ఉండాది సామీ" అన్నాడు. నూట ముప్పై. నూట నలభై. శేషయ్య పంపు మీటరు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. డీజిల్ నురగ కడుతుంది, అది దిగేదాకా ఆగాలి, బండిని రెండుసార్లు ఊపి మళ్ళీ పోయాలి. అలా మూతి దాకా వచ్చేసరికి మీటరు నూట యాభై దగ్గర ఆగింది.

నలభై ఉన్న ట్యాంకులో నూట యాభై. నూట అరవై లీటర్ల ట్యాంకులో నూట తొంభై.

"మీటరు మోసం" అన్నాడు శేషయ్య.

ప్రతి బంకులోనూ ప్రభుత్వ ముద్ర ఉన్న అయిదు లీటర్ల కొలపాత్ర ఉంటుంది. అడిగితే తీసి చూపించాలి. ఇది చదివేవాళ్ళు గుర్తుపెట్టుకోండి, చాలామంది మొహమాటపడి అడగరు. నేను అడిగాను. బంకు మనిషి తుడిచి తెచ్చాడు. మీటరు మీద అయిదు వచ్చేదాకా అందులో పోస్తే సరిగ్గా గీత దగ్గర ఆగింది.

ఇక ఒప్పుకుంటాడనుకున్నాను. శేషయ్య వంగి ట్యాంకును చూశాడు. నల్లరంగు వేసిన ట్యాంకు. బయటి నుంచి చూస్తే పొడవు, ఎత్తు ఎప్పటిలాగే ఉన్నాయి. చేత్తో లోపలివైపు తడిమాడు. లేచి తమ్ముడి వైపు వేలు చూపించాడు.

"ఓహో! ట్యాంకే మార్చేసినావా నువ్వు? నాకు కనపడకుండా దాపెట్టుకునేదానికి పెద్దది తెచ్చి బిగించినావా?"

తమ్ముడు నిలువునా నీరైపోయాడు. "నేను మార్చలేదు సామీ. మూడు నెలల కింద నాయన పోయినప్పుడు నేను బండి మీద లేను కదా. వచ్చినాక ట్యాంకుకు కొత్త పెయింటు కనపడితే షెడ్డులో అడిగినా. చీలిక పడితే ఆళ్ళగడ్డలో అతుకేయించినాం అన్నారు. నేను అదే ట్యాంకు అనుకుంటి" అన్నాడు.

"ఆళ్ళగడ్డలో ఎక్కడ?" అన్నాను.

"బాషా భాయ్ షెడ్డులో."

"సరే, ఆళ్ళగడ్డకే కదా పోతున్నాం" అన్నాను. ఒక అబద్ధం విప్పితే ఇంకొకటి అల్లుతాడు, అల్లిన ప్రతిసారీ దాని మధ్యలో నా తమ్ముడే ఉంటాడు.

పదింటికి బయల్దేరాం. స్టీరింగు దగ్గర మద్దిలేటి, మధ్యలో శేషయ్య, కిటికీ పక్కన నేను. బండిలో కిలోమీటర్ల మీటరు ఎప్పుడో పాడైపోయింది. అందుకని బంకు ముందున్న కిలోమీటరు రాయి నంబరు రాసుకున్నాను, దారి పొడుగునా రాళ్ళు లెక్కపెట్టాను. కొన్ని రాళ్ళు విరిగిపోయాయి, కొన్నింటి మీద పోస్టర్లు. కానీ ఒకటి తప్పినా తర్వాతది పట్టుకోవచ్చు. ఎడమవైపు అంత దూరాన నల్లమల కొండలు మనతోనే వస్తున్నట్టు ఉంటాయి. కుడివైపు వరిమళ్ళు, అక్కడక్కడా పసుపు. చూడటానికి ఎంతో బాగున్న దారి. నేను మాత్రం రాళ్ళే చూశాను.

శిరివెళ్ల మెట్ట దగ్గర టీకి ఆపారు. శేషయ్య నా గ్లాసు కూడా తనే తెచ్చిచ్చాడు. ఆ మర్యాదే నాకు అర్థం కాలేదు. మనిషి చెడ్డవాడు కాదు. మా నాయన పోయినప్పుడు స్కూటరు మీద గడివేముల దాకా వచ్చాడు, దండ తెచ్చాడు, చెప్పులు విప్పి నిలబడ్డాడు. అలాంటి మనిషికి పదకొండేళ్ళ డ్రైవరు మాట కంటే చెక్క ముక్క మాట ఎక్కువైంది.

"ట్యాంకు మార్చడానికి ఒక రోజు పడుతుందా?" అని మద్దిలేటిని అడిగాను.

"ఒక పూట అక్కా. కానీ దుడ్లు కావాల, వేరే ట్యాంకు కావాల. డ్రైవరు ఒక్కడే గుట్టుగా చేసే పని కాదది" అన్నాడు. శేషయ్య విననట్టు రోడ్డు వైపు చూస్తున్నాడు.

పదకొండూ ఇరవైకి ఆళ్ళగడ్డ. సిమెంటు దించే గోడౌన్ దాకా రాళ్ళ లెక్క నలభై మూడు కిలోమీటర్లు. రోడ్డు పక్కన శిల్పుల షెడ్లు, ఉలి చప్పుడు, సగం చెక్కిన నంది మీద తెల్లటి దుమ్ము. బస్టాండు ముందు జీపులవాళ్ళు "అహోబిలం, అహోబిలం, ఒక్క సీటు" అని కేకలు. ఆ ఒక్క సీటులో నలుగుర్ని ఎక్కిస్తారు, కొండకు వెళ్ళేవాళ్ళు బస్సుకే వెళ్ళండి. దింపుడు అయ్యేదాకా మెస్సులో భోజనం చేశాం. రాగి సంగటి, పప్పు, గోంగూర పచ్చడి. ఆకలి లేదనుకున్నాను గాని రెండోసారి పెట్టించుకున్నాను. కోపానికి ఆకలి ఎక్కువ వేస్తుందేమో.

పన్నెండున్నరకు బాషా షెడ్డు. ఆయనకు అరవై ఉంటాయి, కళ్ళద్దాలకు దారం కట్టుకున్నాడు. బండి ఆగగానే ట్యాంకును చూసి తనంత తానే పలకరించాడు.

"ఏంది శేషయ్యన్నా, మా ట్యాంకు బాగుండాదా?"

నేను శేషయ్య ముఖం వైపు చూశాను.

"ఏం ట్యాంకు?" అన్నాడు శేషయ్య.

"ఇదే. పాతది అహోబిలం దావలో రాయి తగిలి చీలిపాయ కదా. అతుకు నిలవదంటి. తొందరగా కావాలని నీ మనిషి కూర్చుండె. ఈడ నాకాడ ఇది ఒకటే ఉండె, వేరే బండిది. నీకు నేనే ఫోన్ చేస్తి. కొంచెం పెద్దది, పెట్టేదా అంటే, ఏదో ఒకటి బిగించి పంపీ, లోడు ఆగిపోయింది అంటివి."

"నాకు గుర్తు లేదు."

"నీకు ఇంకోటి గూడా చెప్తి. నీ కొలకట్టె దీనికి పనికిరాదు, కొత్తది గాట్లు పెట్టించుకో అని చెప్తి. మర్సిపోతివా?"

"బండి తెచ్చింది ఎవరు? దేవదానమేనా?" అని నేను అడిగాను.

"కాదమ్మా. ఆయనకు బదులు వేరే డ్రైవరు ఎవరో వచ్చె. దేవదానం వాళ్ళ నాయన చచ్చిపోయినాడు, పదిరోజులు రాడంట అని ఆ మనిషే చెప్పె. అయ్యో పాపం అనుకుంటి. దేవదానం నాకు ఇరవై ఏళ్ళ నుంచి తెలుసు" అని ఆగి, నా వైపు సరిగ్గా చూసి, "నువ్వు ఆయన అక్కవా?" అన్నాడు.

మా నాయనను మట్టిలో పెట్టిన వారంలో ఈ ట్యాంకు బిగించారు. ఆ వారమే శేషయ్య దండ పట్టుకుని మా ఇంటి ముందు నిలబడ్డాడు. బండి ఎవరు తోలుతున్నారో, ట్యాంకు ఎందుకు మారిందో, ఎవరు మార్చమన్నారో అన్నీ తెలిసినవాడు ఆయన ఒక్కడే. అయినా కట్టె పది లీటర్లు తక్కువ చూపించగానే ఆయనకు ఫోను గుర్తు రాలేదు, బాషా గుర్తు రాలేదు. దొంగతనం ఒక్కటే గుర్తొచ్చింది.

"ఆ పాత ట్యాంకు ఉందా?" అని అడిగాను.

షెడ్డు వెనక పడి ఉంది. దాన్ని దొర్లించుకుని తెచ్చి లారీ పక్కన పెట్టారు. నేను టేపు తీశాను. పాతది ముప్పై రెండు అంగుళాల పొడవు, పంతొమ్మిది ఎత్తు, లోపలి వైపుకు పదహారు వెడల్పు. లారీకి ఉన్నది కూడా అదే పొడవు, అదే ఎత్తు. లోపలి వైపుకు మాత్రం ఇరవై. బయట నిలబడి చూస్తే రెండూ ఒకటే. తేడా అంతా చాసీ కింద దాక్కుని ఉంది. లారీ తలుపు మీద సుద్దముక్కతో లెక్క వేశాను. పాతది నూట అరవై లీటర్లు, కొత్తది రెండు వందలు. ఇందులో యాభై పోస్తే కట్టె మీద నలభయ్యే తడుస్తుంది. రోజూ పోసినా అంతే, ఎవరు పోసినా అంతే, దేవుడే వచ్చి పోసినా అంతే.

"అర్థమైందా?" అన్నాను. క్లాసులో అన్నట్టే వచ్చింది.

శేషయ్య సుద్ద అంకెల్ని చాలాసేపు చూశాడు. "నువ్వు ఆళ్ళగడ్డకు రావాలని ముందే అనుకున్నావు" అన్నాడు, అది కూడా నా తప్పే అన్నట్టు.

బాషా నాకు నీళ్ళిచ్చాడు. దేవదానం మీద పడ్డ నింద గురించి మద్దిలేటి చెప్తే, ఆయన రెంచి పక్కన పడేసి, "ఒక్క ఫోన్ చేసింటే నేను చెప్పనా అన్నా? పదకొండేండ్ల మనిషిని అట్ల అంటారా?" అన్నాడు. శేషయ్య వెళ్ళి బండిలో కూర్చున్నాడు.

రెండింటికి వెనక్కి బయల్దేరాం. ఖాళీ బండి, ఎదురుగాలి. నల్లమల ఇప్పుడు కుడివైపు. నేను మళ్ళీ రాళ్ళు లెక్కపెట్టుకుంటూ వచ్చాను, ఎందుకంటే పని సగంలో ఆపితే ఆ మిగిలిన సగంలోంచి ఇంకో నింద మొలుస్తుంది. వెళ్ళిన నలభై మూడు, వచ్చిన నలభై మూడు, మొత్తం ఎనభై ఆరు.

మూడున్నరకు అదే బంకు. అదే చోట, ముందు చక్రం అదే సిమెంటు పగులు మీదికి వచ్చేలా ఆపించాను. చోటు మారితే వాలు మారుతుంది, వాలు మారితే ట్యాంకులో లీటరో రెండు లీటర్లో తేడా వస్తుంది. తమ్ముడు పొద్దున కూర్చున్న బల్ల మీదే ఉన్నాడు. ఏమీ తినలేదని బంకు మనిషి చెప్పాడు. ట్యాంకు మళ్ళీ మూతి దాకా నింపాం, నురగ దిగనిచ్చి, బండిని ఊపి. పంతొమ్మిది లీటర్లు, పైన చిల్లర.

"భాగించండి" అన్నాను శేషయ్యతో.

ఆయన జేబులోంచి చిన్న క్యాలిక్యులేటరు తీసి నొక్కాడు. నాలుగున్నర వచ్చింది. ఈ బండి నాలుగున్నర ఇవ్వాలని పదకొండేళ్ళుగా ఆయనే అంటున్నాడు. ఇన్నాళ్ళూ అంతే ఇస్తోంది.

ఆయన తమ్ముడి దగ్గరికి నడిచాడు. భుజం మీద చెయ్యి వేశాడు. "సరేలేప్పా. ఏదో పొరపాటు జరిగిపాయ. సోమవారం నుంచి బండెక్కు" అన్నాడు.

అంతే. ఆయన లెక్కలో విషయం అయిపోయింది.

"దొంగ అని ఎక్కడ అన్నారో అక్కడికి వచ్చి, కాదు అని చెప్పండి" అన్నాను.

"అంత అవసరమా టీచరమ్మా? నాకు గూడా ఊళ్ళో మర్యాద ఉండాది."

"వాడికి లేదా?"

ఆయన షెడ్డుకు వెళ్ళి లైసెన్సు తెచ్చి నా చేతిలో పెట్టాడు, తమ్ముడి చేతిలో కాదు. స్టాండు వైపు మాత్రం రానన్నాడు. నేను ఎంత గట్టిగా అడిగినా రాలేదు.

స్టాండుకు మేమే వెళ్ళాం. బంకుకు రెండు వందల అడుగుల దూరం. నేను నోరు తెరిచేలోగా మద్దిలేటి బండి తెచ్చి అక్కడ ఆపాడు. తలుపు తెరిచి మెట్టు మీద నిలబడ్డాడు. సుద్ద అంకెలు ఇంకా తలుపు మీదే ఉన్నాయి.

"అన్నలారా, ఇనండి. దేవదానం అన్న దొంగ కాదు. ట్యాంకు పెద్దది, కట్టె చిన్నదానిది. ఓనరే మార్పిచ్చినాడు. నేను నా కండ్లతో సూసినా, బాషా చెప్పింది నా చెవుల్తో ఇన్నా" అని అరిచాడు. దేవదానం తిరిగి వస్తే ఉద్యోగం పోయేది ఆ మద్దిలేటికే. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు. ఒక్కొక్కరే లేచి వచ్చి తలుపు మీద లెక్క చూశారు. పొద్దున హోటల్లో తల తిప్పుకున్న ఇద్దరూ వచ్చారు. ఒకడు, "క్షమించన్నా" అన్నాడు. ఇంకొకడు, "మా బండి ట్యాంకు గూడా ఒకసారి కొలుస్తావా అక్కా?" అన్నాడు. వెలుతురు ఉన్నంతసేపు నాలుగు బండ్లు కొలిచాను. వాటిలో ఒకదానికి ఏ కట్టె సరిపోతుందో ఆ ఓనరుకే తెలియదు.

ఆ రాత్రికి తమ్ముడి ఇంట్లోనే పడుకున్నాను. మరదలు మార్తమ్మ జొన్నరొట్టెలు కాల్చింది. సోమవారం బండెక్కుతావా అని అడిగితే వాడు తల అడ్డంగా ఊపాడు.

"ఎక్కను అక్కా. రేపు టైరు అరిగినా, ఆయిలు తగ్గినా, ముందు నా ముఖమే సూస్తాడు. మద్దిలేటికి గూడా పెండ్లాం బిడ్డలు ఉండారు, ఆ బండి అతనికే ఉండనీ. లైసెన్సు వచ్చింది కదా, నేను వేరే బండి సూసుకుంటా" అన్నాడు. వచ్చి పని చేయమని స్టాండులోనే ఒక ఓనరు పిలిచాడట. ఆ బండి ట్యాంకు ఎంతో కొలిచాకే ఎక్కుతానని చెప్పాడట.

మర్నాడు ఏడున్నరకు కర్నూలు బస్సు. తమ్ముడు గడ్డం గీసుకుని వచ్చి ఎక్కించాడు. నేను ఆదివారం అడిగిన ప్రశ్న గురించి ఏదో చెప్పబోయాను. "పోనీలే అక్కా, కొలిచినావు కదా" అన్నాడు. బస్సు కదిలింది.

ఈ ప్రయాణంలో నేను చూసింది ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నలభై మూడు కిలోమీటర్ల రోడ్డు, రెండు ఇనప డబ్బాలు, ఒక కట్టె. ఎవరైనా ఒక పూటలో తేల్చగలిగిన సంగతి. మూడు నెలలపాటు ఎవరూ తేల్చలేదు. టేపు పెట్టి ట్యాంకును కొలవడం కంటే డ్రైవరును దొంగ అనడం వాళ్ళకు సులువైంది. వాళ్ళే కాదు, మొదటి రోజు నాకూ అదే సులువైంది. మీకు బండి ఉంటే, దానికి డ్రైవరు ఉంటే, ముందు టేపు కొనండి.

పక్క సీటులో ఒక పత్తి వ్యాపారి. ఎందుకు వచ్చానని అడిగితే జరిగింది అంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. పాణ్యం దాటాక, "అయినా అమ్మా, డ్రైవర్లు అమ్ముకోకుండా ఉంటారా? దొరకరు, అంతే. నా దగ్గర మూడు బండ్లు ఉండాయి, నాకు తెలీదా?" అన్నాడు.

"మీ బండ్ల ట్యాంకులు ఎన్నెన్ని లీటర్లు?" అని అడిగాను.

"ఏమో. అది ఎందుకు? మనిషిని సూస్తే తెలిసిపోతాది."

నేను బ్యాగు తీసుకుని లేచాను. బస్సు కిక్కిరిసి ఉంది, ఇంకో సీటు లేదు. ముందు కడ్డీ పట్టుకుని కర్నూలు దాకా నిలబడే వచ్చాను.